టాపు కారుతోందని టాపుని తిట్టకండి

ఈసారి నాయనమ్మ ఊరగాయ జాడీల గురించి రాస్తామని పోయిన నెల మాటిచ్చాం. క్షమించాలి, జాడీలు ఇంకో నెల ఆగాలి. వినాయక చవితికి వ్యాసర్పాడి ఇంట్లో కలిసినప్పుడు తాతయ్య కారు మీద జరిగిన వాదన వచ్చిన వాళ్లకి తెలిసిందే, రాని వాళ్లకి ఈపాటికి నాలుగు రకాలుగా చేరి ఉంటుంది. ఆ రోజు మేము నోరెత్తలేదు. పెద్దల ముందు గొంతు పెంచడం ఇష్టం లేక ఊరుకున్నాం. ఊరుకుంటే ఒప్పుకున్నట్టు లెక్క కట్టేశారని తర్వాత తెలిసింది. అందుకే ఇది.

మేము అంటే షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ ఇంటివాళ్లం. మా చదువంతా కోలారులో కన్నడ మీడియం, తెలుగు రాయడం సెలవల్లో నాయనమ్మ పలక మీద దిద్దించిందే. తలకట్లు అటూ ఇటూ పోతే సర్దుకోండి. విషయం మటుకు సర్దుకోవద్దు.

విషయం ఇదీ. తాతయ్య 1964 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది, వాన పడితే లోపలికి కారుతోంది. ఎడమ వైపు, డ్రైవరు పక్క సీటు మీద. పెదనాన్నగారి తీర్పు: టాపు చుట్టూ సిలికాన్ దట్టించి, నాలుగు చోట్ల వెల్డింగ్ పెట్టిస్తే పీడా పోతుంది. బావ తీర్పు: అసలు టాపే కోసిపారేస్తే ఓపెన్ కారు అవుతుంది, పెళ్లిళ్లకి అద్దెకిచ్చుకోవచ్చు. అత్తయ్య అన్నది ఒకటే మాట, అమ్మెయ్యండి. ముగ్గురిలో ఒక్కరైనా వంగి కారు కిందకి చూశారా? చూడలేదు. టాపు ఎలా బిగించి ఉందో తల పైకెత్తి చూశారా? అదీ లేదు.

ఆ టాపు మొదట్నుంచీ ఊడదీయడానికే చేసింది. ఈ మాట చవితి రోజు చెప్పినా ఎవరూ వినలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాం. ఇంగ్లండులో స్టాండర్డ్-ట్రయంఫ్ వాళ్లు 1959లో హెరాల్డ్ తెచ్చినప్పటికి చాలా కంపెనీలు బాడీ, ఛాసిస్ కలిపి ఒకే డబ్బాగా చేసే పద్ధతికి మారుతున్నాయి. అలాంటి బాడీలు చేసిచ్చే పెద్ద కంపెనీ పోటీదారుల చేతికి పోవడంతో వీళ్లకి ఆ దారి మూసుకుపోయింది. దాంతో పాత పద్ధతిలో కింద విడిగా ఛాసిస్, దాని మీద ముక్కలుగా చేసి బోల్టులతో బిగించిన బాడీ పెట్టారు. ముందు తొట్టి ఒకటి, వెనక తొట్టి ఒకటి, పైన టాపు ఒకటి. టాపు అంటే పై రేకు మాత్రమే అనుకోకండి, వెనక అద్దం, దాని పక్క స్తంభాలూ కలిపి ఒకటే ముక్క. ముందు విండ్‌స్క్రీన్ ఫ్రేము మీద, వెనక పక్కల బోల్టులు. అవి విప్పితే టాపు మొత్తం పైకి లేస్తుంది. కంపెనీ వాళ్లే ఈ కట్టుబడి మీద సెడానూ చేశారు, కన్వర్టిబులూ చేశారు. హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. రెంటినీ గీసింది ఇటలీ మనిషి మికెలొట్టి. ఆయనే గీసిన టీఆర్-4 స్పోర్ట్స్ కారుకి 1961లోనే, వెనక అద్దం గట్టి ఫ్రేములో అలాగే ఉండగా నడినెత్తి మీద పలక ఒక్కటే ఊడొచ్చే ఏర్పాటు ఇచ్చారు. పోర్షే వాళ్ల టార్గా పేరు అందరికీ తెలుసు, అది జనం ముందుకొచ్చింది 1965లో. మన షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నది ఆ కుటుంబంలోని కారు. దానికి వెల్డింగ్ పెట్టడమంటే తీసి పెట్టుకునే కళ్లద్దాలని చెవులకి కుట్టించడం.

ఇంకో సంగతి, ఇది మన ఊరి కారు. 1961 నుంచి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు వండలూరులో హెరాల్డులు తయారు చేశారు. నాలుగు తలుపుల హెరాల్డ్ ప్రపంచంలో ఇంకెక్కడా చెయ్యలేదు, ఇక్కడే చేశారు. ఆ ఫ్యాక్టరీ 1988లో ఆగిపోయింది. తాతయ్య 1969లో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. లేత్ పట్టరై నడిపే మనిషికి బోల్టులతో విడదీసే కారు దొరికితే ఇంకేం కావాలి! ఆయన లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల్లో పెన్సిలుతో రాసినవి ఇప్పటికీ చదవొచ్చు. 1978లో ఒకసారి, 1986లో ఒకసారి "టాపు దించి ప్యాకింగు మార్చినది" అని ఉంది. ప్రతి సెప్టెంబరులోనూ "బీడింగు చూచినది" అని ఉంది. ఐప్పసి వానలకి ముందన్న మాట. మనూళ్లో ఏడాది వానలో సగం పైన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు, వ్యాసర్పాడిలో ఉండేవాళ్లకి గణేశపురం సబ్‌వే చెబుతుంది.

మరి ఆయన ఉన్నన్నాళ్లూ కారని టాపు ఇప్పుడెందుకు కారుతోంది? పాతబడింది కాబట్టి అని తేల్చేశారు. మేము చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. మా ఆఫీసులో ఎవరైనా "పాత ప్రోగ్రాము కదా, అలాగే ఉంటుంది" అని బగ్గు మూసేస్తే ఊరుకోరు. ఎప్పటి నుంచి వస్తోంది, దానికి ముందు ఏం మారింది అని అడుగుతారు. అదే ప్రశ్న కారునీ అడిగాం. 2015 వరదల తర్వాత కూడా సీటు పొడిగానే ఉంది. అప్పుడు కారు ఇటుకల మీద ఎత్తుగా ఉంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకి మన వీధిలో నీళ్లు నిలిచినప్పుడు కారు నేల మీదే ఉంది, ఛాసిస్ దాకా మునిగింది. రోజుల తరబడి అలాగే ఉంది. ఎండాక పైన కడిగి, పాలిష్ పెట్టి, ఫోటో తీసుకున్నాం. కింద ఎవరూ చూడలేదు, మేమూ చూడలేదు. ఆ తప్పులో మా వాటా మేము ఒప్పుకుంటాం. ఆ తర్వాతి వానాకాలం నుంచే సీటు తడుస్తోంది.

బాడీకీ ఛాసిస్‌కీ మధ్య బోల్టు పడే ప్రతి చోటా ప్యాకింగు ముక్కలుంటాయి. బాడీ ఎత్తు, వాలు వాటి మీదే ఆధారపడి ఉంటాయి. వాటిని మోసేది ఛాసిస్ పక్కలకి చాచిన ఇనప చేతులు. మురుగునీళ్లలో నానిన ఎడమ పక్క ప్యాకింగు పిండిలా అయిపోయింది, తలుపు వెనక భాగం కింద ఉండే చెయ్యి పైపొర తుప్పు లేచింది. అక్కడ దిగేసరికి వెనక తొట్టి ముందుకి వాలింది. తలుపు సందు కొలిచాం. కుడి వైపు పైనా కిందా ఐదేసి మిల్లీమీటర్లు. ఎడమ వైపు వెనక అంచున కింద ఏడు, పైన రెండు. టాపు ముందు పక్క విండ్‌స్క్రీన్‌కి కట్టేసి ఉంది, వెనక పక్క వాలిన తొట్టికి కట్టేసి ఉంది. అదేం చేస్తుంది పాపం, మెలి తిరిగింది. మెలి తిరిగిన చోట అద్దానికీ బీడింగుకీ మధ్య సందొచ్చింది. వాన పై నుంచి పడుతోంది గానీ జబ్బు కింద నుంచి వచ్చింది.

ఇప్పుడు పెదనాన్నగారి సిలికాన్‌కి వద్దాం. పెదనాన్నా, కోప్పడకండి, మీరు స్నానాల గదికి పెట్టించిన సిలికాన్ బ్రహ్మాండంగా ఉంది. కానీ అది గచ్చు, ఇది రేకు. బజార్లో చవగ్గా దొరికే సిలికాన్‌లో ఎక్కువ భాగం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. అది నిజంగానే ఆ ఆమ్లం. పెయింటు లేచిన ఇనప రేకుకి తగిలితే తుప్పు పట్టిస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, తలుపు అద్దానికీ టాపుకీ మధ్య సందుని సిలికాన్‌తో ఎలా మూస్తారు? తలుపు తియ్యొద్దా? మూయగలిగేది బోల్టుల వరస ఉన్న అతుకునే. అక్కడ మూస్తే పక్క నుంచి దూరిన నీరు బయటికి పోయే దారి కూడా పోతుంది, లోపలే నిలుస్తుంది. రెండేళ్లకి సీటు పొడిగానే ఉంటుంది, స్తంభం లోపల మటుకు బియ్యప్పిండి జల్లెడలా అవుతుంది. మెలి తిరిగిన టాపుని మెలి తిరిగినట్టే వెల్డింగ్ చేస్తే ఆ తర్వాత కింద ఎవరైనా సరిచేద్దామన్నా సరికాదు. వెల్డింగ్ షెడ్డు అతను "సార్, లైఫ్ టైమ్ ఉంటుంది" అన్నాడట. నిజమే, జబ్బుకి లైఫ్ టైమ్ గ్యారంటీ.

బెంగళూరులో ఒక మాట వినని వాళ్లుండరు, "స్వల్ప అడ్జస్ట్ మాడి". బస్సులో ముగ్గురి సీటులో నాలుగో మనిషి కూర్చోవాలన్నా, పనివాడు రేపొస్తానన్నా అదే మాట. సర్దుకుపో, ఊరుకో అని అర్థం. మన ఇంట్లో రెండేళ్లుగా జరుగుతున్నది ఆ అడ్జస్టే. సీటు మీద తువ్వాలు పరిచి, దాని మీద ప్లాస్టిక్ కవరు పరిచి, "వానలో తియ్యకండి" అని ఒకరికొకరు చెప్పుకుని అడ్జస్టయ్యాం. అన్నీ అడ్జస్ట్ చేశాం, టాపు తప్ప.

అసలు అడ్జస్ట్‌మెంటు ఎలాగో రాస్తాం. ఇందులో గొప్ప విద్యేం లేదు. వరస తప్పకపోతే చాలు, మన మెకానిక్కులు తప్పేది అక్కడే. టాపు కారుతోందనగానే ముందు కొత్త బీడింగు కొనిపిస్తారు. మాకూ ఒక షెడ్డులో కొనిపించారు. కొత్త రబ్బరు పాతదానికంటే మందం, గట్టిది. తలుపు పడలేదు. పడనప్పుడు ఏం చేశారు? తలుపుని మోకాలితో నొక్కి వంచారు. ఆ తర్వాత టాపు బోల్టులు పట్టు కొద్దీ బిగించారు. ఒక బోల్టు లోపలి నట్టు తిరిగిపోయింది కూడా. తప్పు కింద ఉంటే పై నుంచి బిగించుకుంటూ వచ్చారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఒకేసారి నాలుగు మార్చారు, ఏది ఏం చేసిందో ఇక ఎవరికీ తెలియదు.

వరస ఇదీ. సమంగా ఉన్న నేల మీద కారు నిలపాలి, నాలుగు టైర్లలో గాలి సమంగా ఉండాలి. మన వాకిలి కాలవ వైపు వాలుగా ఉంటుంది, అక్కడ కొలిస్తే కొలత అబద్ధం చెబుతుంది. షెడ్డు లోపలే చెయ్యాలి, అదీ పొద్దున్నే. ఎండలో కాలిన రేకుని సరిచేస్తే సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది. టాపు బోల్టులన్నీ వదులు చెయ్యాలి, తీసెయ్యకూడదు. ఇది చెయ్యకుండా కింద ప్యాకింగు పెట్టి ఎత్తితే బలమంతా విండ్‌స్క్రీన్ ఫ్రేము మీద పడుతుంది, పాత అద్దం మళ్లీ దొరకదు. అప్పుడు కింద, తలుపు వెనక ఉండే బోల్టు వదులు చేసి, యూ ఆకారంలో కోసిన రేకు ప్యాకింగులు ఒక్కొక్కటే దూర్చాలి. ఒకటి పెట్టు, బోల్టు బిగించు, తలుపు మూసి సందు కొలువు. మేము పోయిన ఆదివారం మూడు మిల్లీమీటర్లు పెట్టేసరికి పై సందు రెండు నుంచి నాలుగున్నరకి వచ్చింది. టాపుని ఇంకా ముట్టుకోలేదు, అయినా మగ్గుతో నీళ్లు పోస్తే ధారగా వచ్చేది చుక్కల్లోకి దిగింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కిందది కుదిరాకే టాపు. బోల్టులన్నీ చేత్తో మాత్రమే తిప్పి వదలాలి. టాపుని ఎడమకీ కుడికీ జరిపి, రెండు పక్కలా తలుపు గ్లాసు అంచుకి సమానంగా వచ్చేలా చూడాలి. తర్వాత స్పానరుతో ముందొకటి, దానికి ఎదురు మూల వెనకొకటి, అలా మూలకి మూల, ఒక్కో బోల్టుకి సగం తిప్పు చొప్పున. ఒక పక్కంతా బిగించి రెండో పక్కకి పోతే టాపు ఆ పక్కకే లాక్కుంటుంది. బిగిసిందో లేదో చేతికి తెలియదు, కాగితానికి తెలుస్తుంది. పాత క్యాలెండరు కాగితం వేలెడు వెడల్పు చించి, అద్దానికీ బీడింగుకీ మధ్య పెట్టి, తలుపు మూసి లాగాలి. అన్ని చోట్లా ఒకేలా గట్టిగా, చిరగకుండా రావాలి. ఒకచోట జారిపోయి ఇంకోచోట చిరిగితే టాపు ఇంకా మెలికలోనే ఉంది. బీడింగు మీద సుద్దపొడి రాసి తలుపు మూసి తీసినా అద్దం మీద గీత ఎక్కడ తెగిందో కనిపిస్తుంది. ఆ తర్వాతే నీళ్లు. పైపు పెట్టి నెత్తి మీద కుమ్మరించకూడదు. కింద అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పైకి పోవాలి, లోపల ఒకళ్లు టార్చి పట్టుకుని కూర్చోవాలి. పై నుంచి పోస్తే నీరు ఎక్కడో దూరి ఎక్కడో తేలుతుంది, దొంగ దొరకడు. ఇవన్నీ అయ్యాక కూడా కారితే అప్పుడు కొత్త బీడింగు సంగతి మాట్లాడుకుందాం.

ఖర్చు? ప్యాకింగులకి రేకు ముక్క మన పట్టరైలో ఉన్నదే. తుప్పు పట్టిన ఇనప చెయ్యికి పని పడుతుంది, అది మేము దాచడం లేదు. అక్కడ వెల్డింగ్ కావాలి. పెదనాన్నగారి వెల్డింగ్ సరదా అక్కడ తీర్చుకోవచ్చు, మేమే పట్టుకుంటాం.

బావ ఓపెన్ కారు ఆశ గురించి ఇంకా ఘాటుగా రాద్దామనుకుని చెరిపేశాం. బావా, నువ్వే కదా ఈ కారుకి వీఏ నంబరు ప్లేటు తీసుకుందాం, గొప్పగా ఉంటుంది అన్నది? 2021 జూలైలో కేంద్రం తెచ్చిన ఆ రూలు పూర్తిగా చదివావా? మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి ఉండాలి, అది మనకి ఉంది. అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి వీల్లేదు, వ్యాపారానికి అసలే వీల్లేదు. కట్టర్ పెట్టి టాపు కోస్తే అసలు రూపం పోయింది, పెళ్లి అద్దెకి తిప్పితే వ్యాపారం అయింది. ప్లేటూ కావాలి, అద్దే కావాలి అంటే ఎలా? ఆ ప్లేటు లేకపోయినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది, కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదని. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్‌ని గట్టిగానే నిలబెట్టింది.

చట్టం సంగతి పక్కన పెట్టినా, బోల్టులు విప్పితే పైకొచ్చే టాపుని కట్టర్‌తో కొయ్యడమేమిటి? తాళంచెవి జేబులో పెట్టుకుని తలుపు పగలగొట్టినట్టుంది. కోసిన హెరాల్డులు ఊళ్లో మేమూ చూశాం. పూలు కట్టినప్పుడు బాగానే ఉంటాయి. దగ్గరికి పోయి తలుపు తీసి చూడండి, రెండో వేలుతో ఎత్తి పెడితే గానీ మూతపడదు. టాపు కూడా బాడీని కొంత పట్టి ఉంచుతుంది, అది పోతే తొట్లు వాలతాయి. పిల్లలకి ఓపెన్ కారులో ఫోటో కావాలా? మేమే టాపు దించుతాం, షెడ్డు ముందు నిలబెట్టి కావలసినన్ని తీసుకోండి, సాయంత్రానికి మళ్లీ ఎక్కించేద్దాం. అలా దించి రోడ్డు మీద తిరుగుదామంటే మాత్రం మేము రాము.

అత్తయ్యకి జవాబు చిన్నదే. అమ్మాలనుకుంటే అమ్ముదాం, అది అందరి కారు. కానీ కారుతున్న కారుని, తప్పు ఎక్కడుందో తెలిసి కూడా టాపు మీద నెట్టేసి అమ్మితే కొన్నవాడిని మోసం చేసినట్టే. తాతయ్య లేత్ మీద నూలు మందం తేడా వస్తే ముక్క పక్కన పడేసేవాడని మీరే మాకు చెప్పారు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి షెడ్డు తీస్తాం. టాపు ఎత్తడానికి నలుగురు కావాలి, ఇద్దరితో అయితే వెనక అద్దం బరువుకి ఒక పక్కకి ఒరుగుతుంది. బావ, చిన్నాన్న కొడుకులిద్దరూ వస్తే మాతో కలిసి సరిపోతుంది. దించిన టాపు పెట్టడానికి పాత బొంతలు రెండు తెండి, నేల మీద పెడితే అంచు సొట్ట పడుతుంది. గడియారాలు, ఉంగరాలు ఇంట్లో పెట్టి రండి, పెయింటు గీసుకుంటుంది. పెదనాన్నా, మీరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి. ఎడమ వైపు సీటు మీదే. తువ్వాలు తీసేస్తాం.